కేస్ షీటు చివరి లైను

క్లినిక్ మూసేసిన రోజు ఇంటికి తెచ్చుకున్నవి రెండే. ఒక చెక్క కుర్చీ, ఒక పెండ్యులం గడియారం. వాటిని దింపిస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "ఇన్నేళ్ళ ప్రాక్టీసుకి మిగిలినవి ఇవేనా?" అంది. పుస్తకాలు జూనియర్లకి ఇచ్చేశాను. మెమెంటోలు అట్టపెట్టెల్లో కట్టించాను. ఆ పెట్టెలు ఇప్పటికీ విప్పలేదు, విప్పాలని కూడా లేదు. ఈ కుర్చీకి ఒక చేతిలో మూడు స్క్రూలు ఒక రకం, నాలుగోది వేరే రకం. గడియారం వారానికి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. కొత్తవి కొనుక్కోలేక కాదు. ఇవి ఎందుకు వదల్లేదో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

డెబ్బైల చివర్లో నేను పీజీలో చేరేనాటికి సైకియాట్రీని ఎవరూ కోరి తీసుకునేవాళ్ళు కాదు. "పిచ్చి డాక్టరు" అని బంధువులు వెనకాల అనేవాళ్ళు, కొందరు ముందే అనేవాళ్ళు. మా దగ్గరున్న ముఖ్యమైన మందులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. క్లోర్‌ప్రోమజిన్, హాలోపెరిడాల్, ఇమిప్రమిన్, అమిట్రిప్టిలిన్, లిథియం, నెలకోసారి పొడిచే ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్. వీటికితోడు కరెంటు ట్రీట్‌మెంట్. ఇవాళ డిప్రెషన్‌కి అందరూ రాసే ఫ్లూఆక్సిటిన్‌కి అమెరికాలో అనుమతి రావడమే 1987 చివర్లో. అంటే మేం చదువుకునేటప్పుడు దాని పేరు కూడా వినలేదు.

మా ప్రొఫెసరు గారికి ఒక పట్టింపు ఉండేది. కేస్ షీటు ఎన్ని పేజీలైనా రాసుకోండి, చివర మాత్రం ఒక లైను ఉండాలి: జబ్బు రాకముందు ఈ మనిషికి ఏమంటే ఇష్టం? రౌండ్స్‌కి వస్తే ముందు చివరి పేజీ తిప్పేవారు. ఆ లైను లేకపోతే షీటు మూసి, మంచం మీద పెట్టి, పక్క మంచానికి వెళ్ళిపోయేవారు. తిట్టేవారు కాదు. తిట్టినా బాగుండేది. "సంగీతం" అని రాస్తే "వినడమా, పాడడమా? పాడితే ఎవరికి వినపడేలా?" అని అడిగేవారు. ఒకసారి టైము లేక నేను ఒకాయనకి "పుస్తకాలు చదవడం" అని రాసి పడేశాను. ఆయన మంచం దగ్గరున్న అన్నగారిని ప్రొఫెసరు గారు, "మీ తమ్ముడు ఎలాంటి పుస్తకాలు చదువుతాడు?" అని అడిగారు. "వాడికి చదవడం రాదండీ" అన్నాడాయన. ఆ సాయంత్రం దాకా నాకు తలెత్తే ధైర్యం లేకపోయింది.

ఆ లైను ఎందుకో నాకు అర్థమయ్యేలా చేసినాయన ఒక వాచీ మెకానిక్. (వివరాలు కాస్త మార్చే చెబుతున్నాను. రిటైరైనా ఆ అలవాటు పోదు, పోకూడదు కూడా.) యాభై దాటిన మనిషి. తీవ్రమైన డిప్రెషన్. మాట లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి మంచం అంచున కూర్చునేవాడు. పొద్దున పూట మరీ ఘోరంగా ఉండేవాడు, సాయంత్రానికి రవ్వంత తేలికపడేవాడు. ఆయనకి ఇమిప్రమిన్ మొదలుపెట్టాం. ఆ మందు కథ కూడా తమాషాగానే ఉంటుంది. క్లోర్‌ప్రోమజిన్‌కి దగ్గరి చుట్టంలా ఉంది కదా అని దాన్ని మొదట స్కిజోఫ్రెనియాకి ఇచ్చి చూశారు. దానికి పనిచెయ్యలేదు. డిప్రెషన్‌కి పనిచేస్తోందని స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే డాక్టరు గమనించి 1957లో ప్రకటించాడు. మా సబ్జెక్టులో తొలినాటి మందులు చాలావరకు ఇలా దారితప్పి ఇంటికొచ్చినవే. అయితే గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు రోజూ ఒకటే ప్రశ్న అడుగుతారు, మనం రోజూ ఒకటే జవాబు చెబుతాం, ఇద్దరికీ నమ్మకం సన్నగిల్లుతూ ఉంటుంది.

పద్ధెనిమిదో రోజో, పందొమ్మిదో రోజో. ఆ మందుకి నిలబడగానే బీపీ పడిపోతుంది కాబట్టి నిలబెట్టి కొలుస్తున్నాను. గాలి మెల్లగా దిగుతోంది, స్టెత్ చెవుల్లో ఉంది. ఆయన నా భుజం మీదుగా గోడకేసి చూస్తూ ఏదో అన్నాడు. స్టెత్ తీసేసి "ఏమన్నారు?" అని అడిగాను.

"అది నాలుగు నిమిషాలు వెనకుంది."

బీపీ రీడింగు పోయింది. వార్డులో చేరాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. ఎలా తెలిసిందని అడిగితే, "పోయిన వారం భోజనాల గంట కొట్టినప్పుడు సరిగ్గా ఉంది. ఇవాళ చూడండి" అన్నాడు. అంటే, మేమంతా రాయి అనుకున్న మనిషి లోపల కూర్చుని వారం నుంచి గడియారాన్ని లెక్కపెడుతున్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి కేస్ షీటు చివరి పేజీ తీశాను. వాళ్ళావిడ చెప్పగా నేనే రాసిన లైను: "పాడైన గోడ గడియారాలు ఊరికే తెచ్చుకుని, బాగుచేసి, ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యడం."

ప్రొఫెసరు గారు విని ఏమీ వ్యాఖ్యానించలేదు. అటెండరుని స్టూలు తెమ్మన్నారు. గడియారం దింపించి ఆయన ఒళ్ళో పెట్టించారు. మందు వల్ల ఆయన వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. తలుపు తీసి, పెండ్యులం బిళ్ళ కింద ఉన్న చిన్న నట్టుని గోటితో తాకి, "దీన్ని పైకి తిప్పితే జోరు, కిందికి తిప్పితే నెమ్మది" అని నాకు చెప్పాడు. సగం చుట్టు తిప్పాడు. అంతే. పెండ్యులం ఊపి, చెవి ఆనించి విన్నాడు. ఆ చెవి ఆనించిన మొహం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. తరవాత ఎన్ని కొత్త రేటింగ్ స్కేళ్ళు వచ్చినా, కోలుకోవడం అంటే నాకు గుర్తొచ్చేది ఆ మొహమే.

ఎన్నో ఏళ్ళ తరవాత వార్డుకి బ్యాటరీ గడియారాలు వచ్చాయి. పాతది స్టోరులో పడేస్తుంటే కాగితం పెట్టుకుని అడిగి తెచ్చుకున్నాను. నా క్లినిక్‌లో రోగి కుర్చీ వెనక గోడకి తగిలించాను. మా వృత్తిలో ఇదొక చిన్న కిటుకు. ఎదుటి మనిషి కన్నీళ్ళు పెట్టుకుంటుంటే డాక్టరు చేతి వాచీ చూసుకోకూడదు. గడియారం వాళ్ళ వెనక ఉంటే, వాళ్ళకేసి చూస్తున్నట్టే టైము చూసుకోవచ్చు. ఇప్పుడు ఇంట్లో మా ఆవిడ దాన్ని సరిగ్గా నా కుర్చీ వెనక కొట్టించింది. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మాటలు వింటూ నా తల పైకి చూస్తుంటారు. తగిన శాస్తి.

ఇక ఇష్టాల సంగతి. మా పుస్తకాల్లో అన్‌హెడోనియా అని ఒక మాట ఉంది. 1896లో రిబో అనే ఫ్రెంచి మనస్తత్వవేత్త పెట్టిన పేరు. దేనిలోనూ సంతోషం తెలియకపోవడం అని అర్థం. డిప్రెషన్ అని చెప్పడానికి తొమ్మిది లక్షణాల్లో ఐదు, కనీసం రెండు వారాలు ఉండాలని ఇప్పటి నియమం. ఆ ఐదింటిలో ఒకటి మాత్రం దిగులైనా అయ్యుండాలి, ఈ సంతోషం తెలియకపోవడమైనా అయ్యుండాలి. అందుకని నేను వేలమందిని అడిగాను: "ఇదివరకు ఇష్టంగా చేసేవి ఇప్పుడు చెయ్యాలనిపిస్తోందా?" జవాబు రాకముందే మొహం చూసి తెలుసుకునేవాణ్ణి.

క్లినిక్ మూసిన రెండో నెలలో ఒకరోజు మధ్యాహ్నం మా ఆవిడ యథాలాపంగా, "మీకసలు ఏమంటే ఇష్టమండీ?" అంది. నోరు తెరిచాను, మాట రాలేదు. కాన్ఫరెన్సులు? అవి పని. మెడికల్ జర్నళ్ళు? అవీ పనే. ప్రయాణాలు? ఆ కాన్ఫరెన్సులకి వెళ్ళినవే. నా కేస్ షీటులో చివరి లైను ఖాళీ. ప్రొఫెసరు గారైతే షీటు మూసి పక్క మంచానికి వెళ్ళిపోయేవారు.

దానికి మందు నాకు తెలుసు, ఇన్నేళ్ళూ ఇతరులకి రాసిందే. ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఒక కాగితం మీద రోజంతా గంట గంటకీ ఏం చేశామో రాసుకోవాలి, పక్కనే అది ఎంత సంతోషం ఇచ్చిందో సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యాలి. నేను ఇంకో గడి చేర్చేవాణ్ణి: పని మొదలుపెట్టక ముందు ఎన్ని మార్కులు వస్తాయని అనుకుంటున్నారు? డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు చాలాసార్లు ముందు గడిలో సున్నా వేస్తారు, తరవాత గడిలో మూడో నాలుగో వేసి వాళ్ళే ఆశ్చర్యపోతారు. ఆ మూడు పట్టుకునే మేం బండి లాగేవాళ్ళం. 1970లలో లెవిన్సన్ అనే మనస్తత్వవేత్త బృందం మనుషులకి సంతోషం ఇచ్చే పనుల జాబితా ఒకటి తయారుచేసింది. అందులో 320 పనులున్నాయి. మొదటిసారి చూసినప్పుడు ఇన్నెందుకని నవ్వుకున్నాను. నా వంతు వచ్చేసరికి ఒకటి కూడా తట్టలేదు.

సరే, చార్టు గీసుకున్నాను. మొదటి వారం అంకెలు ఇప్పటికీ నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఒక సన్మాన సభ: ముందు ఏడు అనుకున్నాను, తరవాత మూడు. ఆ మూడు కూడా పక్కన కూర్చున్న చిన్నపిల్ల నా శాలువా కుచ్చులు జడలా అల్లుతున్నందుకు. టీవీలో చర్చ: ముందు ఐదు, తరవాత ఒకటి. రాత్రి ఫోన్ ఆపేసి పడుకోవడం: ముందు గడి ఖాళీ, ఎందుకంటే అది కూడా ఒక పనేనని తోచలేదు. తరవాత తొమ్మిది. ముప్పై ఎనిమిదేళ్ళు దిండు పక్కన ఫోన్ పెట్టుకుని పడుకున్నవాడికే ఆ తొమ్మిది అర్థమవుతుంది. మొదటి రాత్రుల్లో మాత్రం మోగని ఫోన్ మోగినట్టు అనిపించి రెండుసార్లు లేచాను.

అన్నిటికన్నా విచిత్రం పెన్నులో ఇంకు నింపడం. ముందు రెండు, తరవాత ఎనిమిది. పీజీ పాసైనప్పటి పెన్ను అది. క్లినిక్‌లో ఉండగా ఇంకు నింపే పని కాంపౌండరుదే. ఇప్పుడు నేనే పాత పేపరు పరిచి కూర్చుంటాను. మెడ దగ్గర మర విప్పి, డ్రాపర్‌తో ఒక్కొక్క చుక్కే వదలాలి. తొందరపడితే లోపల బుడగ కడుతుంది, ఇంకు పైకి తన్నుతుంది. పెన్నుని కాస్త వాల్చి పట్టుకుంటే చుక్క గోడ వెంబడి జారుతుంది. నిండాక పాత బనీను గుడ్డతో పాళీ తుడిస్తే గుడ్డ మీద నీలం పువ్వులా విచ్చుకుంటుంది. మధ్యవేలు మొదటి కణుపు మీద మరక రెండు రోజులుంటుంది. మొత్తం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో నేను ఎవరి గురించీ ఏమీ ఆలోచించడం లేదని మూడో వారంలో గమనించాను.

ఇంకొకటి కూడా ఉంది, దీనికి మార్కులు వెయ్యలేకపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని జనం మాటలు వినడం. మొదట్లో అలవాటుకొద్దీ వినేవాణ్ణి. ఈయన మాట వేగం ఎక్కువ, విషయం నుంచి విషయానికి దూకుతున్నాడు, రాత్రి నిద్రపోతున్నాడా? ఈవిడ ఒకే సంగతి మూడుసార్లు అడిగింది, జ్ఞాపకశక్తి పరీక్షించాలి. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, మెల్లమెల్లగా నాకు వాళ్ళ కథే వినపడడం మొదలైంది. ఫోన్‌లో చెల్లెలితో పోట్లాడుతున్న ఒకావిడ మాటలు వింటూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. చివరికి రాజీ పడ్డారు.

కొన్ని అలవాట్లు మాత్రం పోవు. ఇంటి తాళంచెవులు నేను గుప్పిట్లో బిగించి పట్టుకుంటాను, చప్పుడు కాకుండా. పిల్లిలా వస్తారని మా ఆవిడ విసుక్కుంటుంది. నా మొదటి డ్యూటీ రోజున వార్డు తాళాల గుత్తి వేలికి తగిలించుకుని, గలగలలాడించుకుంటూ వెళ్ళాను. కాస్త గర్వం కూడా. పెద్ద వయసు అటెండరు ఒకాయన పక్కకి పిలిచి, "బాబూ, అది జేబులో పెట్టుకోండి. ఆ చప్పుడు మనకి చిన్నది, లోపలున్నవాళ్ళకి కాదు" అన్నాడు. తాళం తీసే ముందు తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టేవాడాయన. లోపలున్నవాళ్ళు తలుపు తియ్యలేరని తెలిసి కూడా. నాకు సైకియాట్రీ నేర్పినవాళ్ళలో ఆయన పేరు ఏ సర్టిఫికెట్ మీదా లేదు.

అలాగే ఇంజెక్షన్ సిస్టర్. ఆ ఫ్లూఫెనజిన్ నువ్వుల నూనెలో కలిపి వచ్చే మందు, చిక్కగా ఉంటుంది. సూది, సిరంజీ పొడిగా ఉండాలి. తడి తగిలితే మందు తెల్లగా మసకబారుతుంది. సిస్టర్ ఆ చిన్న యాంప్యూల్‌ని అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని వెచ్చబరిచేది. అంతసేపూ ఆ మనిషితో ఇంటి కబుర్లు. కబురు పూర్తయ్యేసరికి ఇంజెక్షన్ కూడా పూర్తయ్యేది. ఆవిడ రిటైరైన తరవాతి బుధవారం ఇద్దరు రోగులు "సిస్టరమ్మ ఏరి?" అని అడిగి, సూది పొడిపించుకోకుండా వెనక్కి వెళ్ళిపోయారు. డోసు తప్పితే ఏమవుతుందో తెలుసు కాబట్టి నాకు ఒకటే టెన్షన్. ఆవిడకి ఫోన్ చేశాను. మర్నాడే వచ్చి, ఆ ఇద్దర్నీ పిలిపించి, కొత్త సిస్టర్ చెయ్యి తీసుకుని వాళ్ళ చేతిలో పెట్టి, "నా చెల్లెలనుకోండి" అంది. మేం రోగి మందు మానెయ్యకూడదని పాఠాలు చెబుతాం. వాళ్ళు నమ్మకంగా ఉండేది మందుకి కాదు, మనిషికని ఆ బుధవారం నాకు బాగా తెలిసొచ్చింది.

కుర్చీ గురించి చెప్పాలి. దాన్ని వాయిదా వేస్తూనే ఇంతదూరం వచ్చాను.

పీజీలో నాకొక స్నేహితుడు. వాడిది ఫ్రాయిడ్ దారి, అంటే మాటలతో నయం చెయ్యడం. నాది మందుల దారి. పరిచయమైన మొదటి గంటలో మొదలైన పోట్లాట ఇప్పటికీ తెగలేదు. "ఫ్రాయిడ్ గదిలో పెంపుడు కుక్క కూర్చునేది, నీ గదిలో మెడికల్ రెప్ కూర్చుంటాడు. నేనైతే కుక్క ఉన్న గదికే వెళ్తా" అనేవాడు. నేను వాడి రోగులు నయమయ్యేలోపు ముసలివాళ్ళవుతారని అనేవాణ్ణి. ఒకరి పేపర్లు ఒకరం చీల్చి చెండాడుకునేవాళ్ళం. జనం మేం శత్రువులమనుకునేవాళ్ళు.

నేను ప్రాక్టీసు పెట్టిన కొన్నేళ్ళకి ఒక కాలేజీ అమ్మాయి వైద్యానికి వచ్చింది. మందులు పనిచేశాయి. నిద్ర వచ్చింది, తిండి తింటోంది, జడ వేసుకుని వచ్చింది. నేను సంతోషించాను. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే. ఒంట్లో ఓపిక ముందు వస్తుంది, మనసులో చీకటి తరవాత తొలుగుతుంది. ఆ మధ్య రోజులే ప్రమాదమని నేనే విద్యార్థులకి చెప్పేవాణ్ణి. అయినా "బాగుంది కదా, రెండు వారాల తరవాత రామ్మా" అన్నాను. అంతకుముందు వారానికి రెండుసార్లు చూసేవాణ్ణి. తొమ్మిదో రోజు ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంది.

ఆ సాయంత్రం క్లినిక్ తలుపులు వేసుకుని చీకట్లో కూర్చున్నాను. వాడికి ఎవరు చెప్పారో తెలియదు. వచ్చాడు. లైటు వెయ్యలేదు. "నీ తప్పు కాదురా" అనలేదు. అని ఉంటే బయటికి గెంటేసేవాణ్ణి. "ఎలా జరిగింది?" అని కూడా అడగలేదు. చాలాసేపు ఎదురుగా, రోగులు కూర్చునే ఆ చెక్క కుర్చీలో కూర్చున్నాడు. దాని చెయ్యి ఒకటి వదులై కదులుతూ ఉండేది. స్క్రూ ఎప్పుడో పడిపోయింది, నేను పట్టించుకోలేదు. వాడు తడిమి చూసి, లేచి, డ్రాయర్లన్నీ వెతికి ఎక్కడో ఒక స్క్రూ పట్టుకున్నాడు. సైజు కుదరలేదు. కాగితం ముక్క చుట్టి, రంధ్రంలో పెట్టి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి దాని అంచుతో బిగించడం మొదలుపెట్టాడు. బిళ్ళ జారుతోంది, మళ్ళీ పెడుతున్నాడు. ఆ కీచు కీచు చప్పుడు వింటూ నేను ఏడ్చాను. వాడు తలెత్తలేదు, బిగిస్తూనే ఉన్నాడు.

వెళ్ళేటప్పుడు, "రేపు ఓపీ మానకు. నేను పక్కగదిలో ఉంటా" అన్నాడు. తన ప్రాక్టీసు మూసుకుని వారం రోజులు పక్కగదిలో పేపరు చదువుతూ కూర్చున్నాడు. నేను రోగికీ రోగికీ మధ్య ఒకసారి తొంగి చూసేవాణ్ణి. పేపరు వెనకనుంచి చెప్పులు కనిపించేవి. అదే చాలు.

నెల తరవాత ఆ అమ్మాయి వాళ్ళమ్మ వచ్చింది. మిగిలిపోయిన మాత్రలు సంచిలో పెట్టుకుని తెచ్చింది. వాటిని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు. తీసుకుని నేనేం చెయ్యాలో నాకూ తెలియలేదు. ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుంది. ఆ తరవాత కోలుకోవడం మొదలుపెట్టిన ఏ మనిషికీ నేను తరవాతి విజిట్ దూరం జరపలేదు. కొందరు "బాగానే ఉన్నాం కదా డాక్టరు గారూ, ఎందుకిన్నిసార్లు?" అని విసుక్కునేవాళ్ళు. విసుక్కోనీ అనుకునేవాణ్ణి.

మా వాడికి ఇప్పుడు చెముడు. మెషిన్ పెట్టుకోడు. సాయంత్రాలు కలిసి నడుస్తాం, పోట్లాడుకుంటాం. నా వాదన వినపడదు కాబట్టి రోజూ వాడే గెలుస్తున్నాడు.

ఇక లిథియం. మందులకి కూడా మనిషి విశ్వాసంగా ఉంటాడా అంటే, నేనున్నాను. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు, యుద్ధంలో మూడేళ్ళకి పైగా జపాన్ సైన్యం దగ్గర ఖైదీగా ఉండి తిరిగొచ్చినవాడు, ఒక పాత వంటగది లాంటి చోట గినీ పందులకి లిథియం ఎక్కించి, అవి నెమ్మదించడం గమనించాడు. ముందు తను మింగి చూసుకున్నాడు. తరవాత మేనియా, అంటే అదుపులేని ఉద్రేకం, ఉన్న పదిమంది రోగులకి ఇచ్చి, 1949లో ప్రచురించాడు. అదే ఏడాది అమెరికాలో లిథియం ఉప్పుని మామూలు ఉప్పు బదులు వాడిన గుండె జబ్బువాళ్ళు కొందరు చనిపోవడంతో దానికి చెడ్డపేరొచ్చింది. అక్కడ అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది. అది ప్రకృతిలో దొరికే మూలకం, దానికి పేటెంటు తీసుకునేవాడు లేడు. అందుకేనేమో, నా ప్రాక్టీసు మొత్తంలో లిథియం గొప్పతనం చెప్పడానికి బ్యాగు భుజాన వేసుకుని వచ్చిన రెప్ ఒక్కడూ గుర్తులేడు. పైగా కొత్త మందులు తెచ్చినవాళ్ళు, "సార్, మీరింకా లిథియమేనా?" అనేవాళ్ళు. అవునయ్యా, ఇంకా లిథియమే. కిడ్నీలు, థైరాయిడ్ దెబ్బతింటున్నవాళ్ళకి మార్చాను, అక్కడ మొండితనం పనికిరాదు. మిగతావాళ్ళకి ఎందుకు మార్చాలి? ప్రాణం తీసుకునే ఆలోచనల నుంచి మనుషుల్ని కాపాడడంలో దానికి ఉన్నంత పేరు చాలా కొత్త మందులకి లేదు.

నా దగ్గర లిథియం మీద 31 ఏళ్ళున్నాయన ఒక లెక్కల మాస్టారు. మొదటిసారి తీసుకొచ్చినప్పుడు మూడు రాత్రులుగా నిద్రలేదు, ఇంట్లో గోడలనిండా లెక్కలు రాశాడు. నెమ్మదించాక నాతో, "ఆ లెక్కల్లో ఒకటి మాత్రం కరెక్టే" అన్నాడు. రెండుసార్లు బాగానే ఉన్నానని మందు మానేశాడు, రెండుసార్లూ జబ్బు తిరగబెట్టింది. మూడోసారి మానలేదు. లిథియానికి రక్తపరీక్ష ఉంటుంది. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తియ్యాలి. అంకె 0.6కీ 1.0కీ మధ్య ఉంటే మంచిది, 1.5 దాటితే విషం. అంకె అంటే మాస్టారికి భక్తి. చిన్న పుస్తకంలో గ్రాఫు గీసి తెచ్చి చూపించేవాడు.

క్లినిక్ మూసేటప్పుడు ఆయన్ని ఒక యువ డాక్టరుకి అప్పగించాను. మంచి పిల్లవాడు, నాకన్నా ఓపికగా వింటాడు. అయినా పరీక్ష చేయించుకున్న తరవాతి ఆదివారం పది గంటలకి మాస్టారి ఫోన్ వస్తుంది. పలకరింపు ఉండదు.

"పాయింట్ ఏడు, డాక్టరు గారూ."

"బాగుంది మాస్టారూ. మీ డాక్టరుకి చూపించారా?"

"చూపించాను. మీకూ చెప్పాలి కదా."

అంతే. నేను ఇప్పుడు ఆయన డాక్టర్ని కాదు, ఆ అంకెతో నేను చెయ్యాల్సిందేమీ లేదు. అయినా పెన్ను తీసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. చార్టులో ఆ గడికి ముందు ఎనిమిది వేస్తాను, తరవాత తొమ్మిది.

పోయినసారి ఎందుకో ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. "మీకు కాలక్షేపం ఎలా అవుతోంది?" అని అడిగాడు. 31 ఏళ్ళలో మొదటిసారి. తప్పించుకుందామనుకుని, మళ్ళీ చార్టు సంగతి చెప్పేశాను. ఇంకు, బస్సు, దిండు, సన్మానం, అన్నీ, మార్కులతో సహా. మాస్టారు మధ్యలో ఒక్కమాట మాట్లాడకుండా విన్నాడు.

"సగటు ఎంత వచ్చింది?" అన్నాడు.

"సగటు వెయ్యలేదండీ."

"వెయ్యలేదా?" మాస్టారు నమ్మలేకపోయాడు. "ఎన్ని వారాలవి ఉన్నాయి? వారం వారం విడిగా వేసి, గ్రాఫు గియ్యండి. ఈసారి నేను చేసినప్పుడు చెబుదురుగాని."

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, గడియారానికి కీ ఇవ్వడానికి స్టూలు ఎక్కాను. కీ ఇచ్చేది వారానికోసారి, ఆదివారం పొద్దునే. మాస్టారి ఫోన్ వచ్చే వారమైతే అది అయ్యాకే. వంటింట్లోంచి మా ఆవిడ, "ఆ నట్టేదో కాస్త పైకి తిప్పరాదూ, నలభై ఏళ్ళు మనుషుల్ని సరిచేశారు!" అంది. నట్టు ఎక్కడుందో నాకు తెలుసు. సగం చుట్టు చాలు. ముల్లుని మాత్రం నాలుగు నిమిషాలు ముందుకి జరిపి, తలుపు వేసి దిగాను. మా గడియారం ప్రకారం మాస్టారు ఎప్పుడూ తొమ్మిదీ యాభై ఆరుకే ఫోన్ చేస్తాడు.